కూతురిని కోరిన యింట కొడుకులు

మా యింటి పెట్టెలో ఒక చిన్న పట్టుపరికిణీ కలదు. మామిడిచిగురు రంగు, అంచున సన్నని జరీ. మూడవ కాన్పునకు ముందు మా అమ్మ తన పాత పట్టుచీర నొకదానిని కత్తిరించి స్వయముగా దానిని కుట్టినది. అప్పటికే మాకు ఇద్దరు కొడుకులు. ఈసారి మహాలక్ష్మియే వచ్చునని ఆమె నిశ్చయము. నేనును నా భార్యయు పైకి చెప్పకపోయినను అదియే కోరియుంటిమి. మూడవవాడును మగబిడ్డయే యయ్యెను. పరికిణీ పెట్టె యడుగునకు చేరెను.

బంధువులు వచ్చి, "ముగ్గురు మగపిల్లలు! నీవంటి అదృష్టవంతుడెవడు?" అని అభినందించిరి. నేను కూతురిని కోరితినని చెప్పినపుడు కొందఱు పరిహాస మనుకొనిరి. కొందఱు గర్వ మనుకొనిరి. ఒక పెద్దాయన మాత్రము, "కడుపు నిండినవాడు ఆకలిని పొగడినట్లున్నది నాయనా, నీ మాట" అనెను. ఆ మాట నా మనస్సున ముల్లువలె నాటుకొనెను. సందేహము కలిగినపుడు పుస్తకములను తిరుగవేయుట బడిపంతులునకు అలవాటు. మన పూర్వులలో కూతురిని కోరినవారుండిరా? ఉండినచో ఎందుకొఱకు కోరిరి? ఈ రెండు ప్రశ్నలతో వెదకితిని. మొదటిదానికి సమాధానము సులభముగనే దొరకెను. రెండవది నన్ను చాలకాలము బాధించెను. దొరకినదానిని చదువరుల ముందుంచుచున్నాను.

కొడుకును కోరుటకు మన వాఙ్మయమున ఆధారములను వెదకనక్కఱలేదు. ఐతరేయబ్రాహ్మణమున ఏడవ పంచికలో హరిశ్చంద్రుని కథ కలదు. ఇక్ష్వాకువంశజుడైన ఆ రాజునకు నూర్గురు భార్యలుండియు కొడుకు కలుగలేదు. కొడుకువలన మనుష్యునకు ఏమి లాభమని అతడు నారదుని అడుగగా, నారదుడు పది గాథలతో బదులు చెప్పెను. కొడుకువలన ఋణము తీరునట; తండ్రి మరల జన్మించునట; కొడుకు పరమాకాశమున వెలుగట. ఆ వరుసలోనే కూతురు దుఃఖహేతువని కూడ ముని చెప్పెను. ఈ భావము తరతరములుగా మన యిండ్లలో పలుకుచునే యున్నది. కాని ఆ కథను తుదివఱకు చదివినవారు తక్కువ.

కొడుకు పుట్టినచో వానినే నీకు బలి యిత్తునని హరిశ్చంద్రుడు వరుణునకు మ్రొక్కుకొనెను. రోహితుడు పుట్టెను. వరుణుడు వచ్చి అడిగినప్పుడెల్ల తండ్రి గడువు కోరుచు వచ్చెను: పది దినములు గడవనిమ్మనెను, పండ్లు రానిమ్మనెను, అవి ఊడనిమ్మనెను, మరల మొలవనిమ్మనెను, ఆయుధము పట్టనిమ్మనెను. తుదకు సంగతి తెలిసిన రోహితుడు విల్లు చేతబట్టి అడవికి పోయెను. అచ్చట ఆకలితో మాడుచున్న అజీగర్తుడను ఋషి కనబడెను. ఆయనకు ముగ్గురు కొడుకులు. నూఱావులిత్తును, ఒక కొడుకు నిమ్మని రోహితు డడిగెను. పెద్దవానిని తండ్రి పట్టుకొనెను. చిన్నవానిని తల్లి పట్టుకొనెను. నడిమివాడైన శునశ్శేపుని ఇచ్చుటకు ఇద్దఱును ఒప్పుకొనిరి. యజ్ఞశాలలో ఆ బాలుని యూపస్తంభమునకు కట్టుటకు ఎవరును ముందుకు రాకపోగా, మఱి నూఱావులకు కన్నతండ్రియే కట్టెను. వధించుటకును ఎవరును రాకపోగా, ఇంకొక నూఱావులకు ఆయనయే కత్తి నూఱుకొని వచ్చెను.

బాలుడు దేవతలను స్తుతింపగా కట్లు వీడెను. అజీగర్తుడు కొడుకును మరల తనకిమ్మనగా, మున్నూఱావులను నాకంటె ఎక్కువగా ఎంచుకొంటివని ఆ బాలుడు తండ్రిని నిరాకరించి, విశ్వామిత్రుని కుమారుడయ్యెను. ఆ క్రొత్త తమ్ముని తమకు పెద్దగా అంగీకరింపని తన యేబదిమంది కొడుకులను విశ్వామిత్రుడు శపించెననియు, వారి సంతతివారే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు మొదలైనవారనియు ఆ కథ చెప్పుచున్నది. ఆంధ్రశబ్దము మన వాఙ్మయమున మొట్టమొదట కనిపించు తావు ఇదియే. తండ్రి కొడుకు నమ్ముకొన్న కథలో, మఱియొక తండ్రి కొడుకులను వెడలగొట్టిన ఘట్టమున మన జాతి పేరు పుట్టినదన్నమాట.

ఒక రాత్రి భోజనముల వేళ ఈ కథను మా పిల్లలకు చెప్పితిని. పెద్దవాడు ఆంధ్రుల సంగతి అడిగెను. చిన్నవాడు కత్తి సంగతి అడిగెను. రెండవవాడు చాలసేపు అన్నము కలుపుచు ఊరకుండి, "మధ్యవాణ్ణి ఎవ్వరూ పట్టుకోలేదా నాన్నా?" అనెను. వేదవ్యాఖ్యాతలలో ఎవ్వరును ఈ ప్రశ్న వేసినట్లు నాకు జ్ఞాపకము లేదు. ఆ రాత్రి వాడు మా యిద్దఱి నడుమ పండుకొనెను.

కొడుకును అంతగా పొగడిన గ్రంథమే, అవసరమువచ్చినపుడు ఆ కొడుకు వెల ఎన్ని ఆవులో కూడ చెప్పుచున్నది. బిడ్డను తన ప్రయోజనమునకు సాధనముగా కోరినవాడు ఎక్కువ ప్రయోజనము కనబడినపుడు ఆ బిడ్డను మార్చుకొనును. ఈ సంగతి అప్పటికి నాకు హరిశ్చంద్రుని విషయమున, అజీగర్తుని విషయమున మాత్రమే తోచెను. నా విషయమున తోచుటకు ఇంకను కొంతకాలము పట్టెను.

కూతురిని కోరినవారును లేకపోలేదు. బృహదారణ్యకోపనిషత్తు ఆఱవ అధ్యాయమున, ఎట్టి సంతానమును కోరు దంపతులు ఎట్టి యన్నము తినవలెనో చెప్పు భాగము కలదు. ఒక వేదము చదువు కొడుకును కోరువారు పాలతో వండిన యన్నమును, రెండు వేదములు చదువు కొడుకును కోరువారు పెరుగుతోడి యన్నమును, మూడు వేదములవానిని కోరువారు నీట వండిన యన్నమును నెయ్యి కలిపి తినవలెనట. ఆ వరుసలోనే, పండితురాలై నిండు నూఱేండ్లు బ్రదుకు కూతురిని కోరువారు నువ్వులతో వండిన యన్నమును నెయ్యి కలిపి తినవలెనని యున్నది. దుఃఖహేతువని ఒక గ్రంథము చెప్పిన కూతురిని, మఱియొక గ్రంథము నిండు నూఱేండ్ల పండితురాలిని చేసి కోరుచున్నది. ఈ వాక్యమును చదివిన దినమున నేను లేచి వంటయింటిలోనికి పోయి నా భార్యకు చెప్పితిని. "మనము ఆ నువ్వులన్నము తినలేదు గదా, అందుకే!" అని ఆమె నవ్వెను.

కాని ఇచ్చటను ఒక మెలిక యున్నది. శంకరాచార్యులవారు ఈ వాక్యమునకు భాష్యము వ్రాయుచు, స్త్రీకి వేదాధికారము లేదు గనుక, ఇచ్చట కూతురి పాండిత్యమనగా గృహకృత్యములయందలి నేర్పని అర్థము చెప్పిరి. ఆ యుపనిషత్తులోనే మూడవ అధ్యాయమున గార్గి నిండుసభలో యాజ్ఞవల్క్యుని ప్రశ్నించినది. నాలుగవ అధ్యాయమున మైత్రేయి ధనము వలదని అమృతత్వమును గూర్చి యడిగినది. అట్టి గ్రంథమున పాండిత్యమను మాట కొడుకు వంతునకు వచ్చినపుడు వేదమై, కూతురి వంతునకు వచ్చినపుడు వంటయిల్లయ్యెను. మూలమున కోరిన కూతురు ఒకతె. కాలక్రమమున మనము కోరనేర్చిన కూతురు వేఱొకతె.

అయినను కూతురిని కోరుట మంచి మనస్సునకు గుర్తని నేను కొంతకాలము సంతోషపడితిని. ఆ సంతోషమును విశాఖపట్టణ మండలపు చరిత్ర నిలువనీయలేదు.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయ్యెను. దానికి ఆయన ఇంగ్లీషున వ్రాసిన పీఠికలో ఒక లెక్క కలదు. విజయనగర సంస్థానాధీశ్వరులు ఆ మండలమున సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టికను తయారుచేయించిరి. సొమ్ము పుచ్చుకొన్న సంగతిని ఒప్పుకొనుటకు ఎవరికిని ఇష్టముండదు గనుక పట్టిక సంపూర్ణము కాదు. అట్లయ్యు దానికెక్కిన పెండ్లిండ్లు 1,034. వానిలో పెండ్లికూతుండ్ర వయస్సు అయిదేండ్లుగా నున్నవి 99, నాలుగేండ్లవి 44, మూడేండ్లవి 36, రెండేండ్లవి 6, ఒక్క యేడువి 3. ఆ యేడాది పసికందులకు పలికిన వెల ఒక్కొక్కతెకు 350 మొదలు 400 రూపాయలు. ఒక్కొక్కచో బిడ్డ తల్లికడుపులో నుండగనే బేరము కుదురుచుండెనని కూడ ఆయన వ్రాసిరి.

ఈ లెక్కను మనము బాలికల దుర్గతికి సాక్ష్యముగా చదివితిమి, అది న్యాయమే. కాని దానిని మఱియొక విధముగా కూడ చదువవచ్చును. అట్టి యిండ్లలో తండ్రి కూతురినే కోరియుండును. కూతురు పుట్టినదని విని ముఖము వికసించియుండును. కొడుకైనచో వానికి పెండ్లి చేయుటకు తానే సొమ్ము చెల్లింపవలెను గదా. కూతురిని కోరినంత మాత్రమున ఇంట దయ యున్నట్లు కాదు. నూఱావులు అజీగర్తుని యింటనే కాదు, మన యింటి ముంగిటను కట్టబడియుండెను.

తరువాత కొలది తరములలోనే ఈ తరాజు తలక్రిందులయ్యెను. కన్యాశుల్కము పోయి వరకట్నము వ్యాపించెను. వరకట్నమును నిషేధించుచు 1961లో శాసనము వచ్చెను; ఆచారము నిలిచెను. కడుపులోని బిడ్డకు బేరమాడిన కాలము పోయి, కడుపులోనిది ఆడుబిడ్డయని యంత్రముతో తెలిసికొని తొలగించు కాలము వచ్చెను. దానిని నిషేధించుచు 1994లో మఱియొక శాసనము చేయవలసివచ్చెను. ఆఱేండ్లలోపు పిల్లలలో ప్రతి వేయిమంది బాలురకు బాలికలు 1961 జనాభాలెక్కలో 976 మంది. 2011 నాటికి 918 మంది. ఆస్తి విషయమున మన రాష్ట్రము 1986లోనే శాసనమును సవరించి, ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు నిచ్చెను. 2005లో దేశమంతటికిని అట్టి హక్కు వచ్చెను. శాసనము కూతురికి పాలు పంచిపెట్టినది. కోరిక మాత్రము ఇంకను పాత తరాజుననే తూగుచున్నది.

ఇదంతయు చదివిన పిమ్మట నేను ఒక కాగితము తీసికొని, నేను కూతురిని ఎందుకొఱకు కోరితినో నిజముగా వ్రాయుటకు కూర్చుంటిని. కూతురున్నచో తల్లికి తలదువ్వి పూలు తుఱుమును. వంటయింట సాయపడును. బడినుండి అలసి వచ్చిన నాకు మంచినీళ్లిచ్చి, ఎందుకట్లున్నావని యడుగును. పండుగనాడు ముంగిట ముగ్గు పెట్టును. ముసలితనమున కొడుకులు దూరముగా పోయినను ఆమె మనస్సు మాయందే యుండును. వ్రాసినదానిని మరల చదువుకొంటిని. ప్రతి మాటయు మా సుఖమును గూర్చినదే. ఆమె యేమి చదువును, ఏమి కోరును, ఎక్కడికి పోగోరును అను మాట ఒక్కటియు లేదు. వెల రూపాయలలో వ్రాయలేదు, అంతియే భేదము. కడుపు నిండినవాడు ఆకలిని పొగడినట్లున్నదని ఆ పెద్దాయన యనినపుడు నాకు కోపము వచ్చెను. ఆయన నన్ను కొంత తక్కువగనే నిందించెనని ఇప్పుడు తోచినది.

అప్పుడు నాకు రుద్రమదేవి జ్ఞాపకమునకు వచ్చినది. కాకతీయ గణపతిదేవుడు 1199 మొదలు 1262 వఱకు రాజ్యము చేసెను. ఆయనకు మగసంతానము లేదు. కూతురైన రుద్రమకు రాజ్యతంత్రమును నేర్పి తన పీఠమున నిలిపెను. శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజను పురుషనామముతో కనబడుచున్నది. సామంతుల తిరుగుబాటులను, దేవగిరి యాదవుల దండయాత్రను ఎదుర్కొని 1289 వఱకు ఏలినది. నల్లగొండ ప్రాంతమునందలి చందుపట్ల శాసనము ఆమె మరణమును తెలుపుచున్నది. ఆమెకును కొడుకులు లేరు; కూతురు ముమ్మడమ్మ కుమారుడైన ప్రతాపరుద్రుని దత్తు చేసికొని రాజ్యమునకు వారసునిగా నిలిపినది. కూతురిని కొడుకువలె పెంచిన తండ్రియని గణపతిదేవుని మనము నేటికిని కొనియాడుచున్నాము. నేటి గృహస్థులును, "మా అమ్మాయిని మగపిల్లవాడిలా పెంచాము" అని గర్వముగా చెప్పుకొందురు.

మంచిదే. మఱి, "మా అబ్బాయిని ఆడపిల్లలా పెంచాము" అని గర్వముగా చెప్పుకొన్న తండ్రి యెవడైన కలడా? మన చరిత్రలో నాకు కనబడలేదు. కూతురు కొడుకు గుణములను నేర్చిన అది పైకెక్కుట. కొడుకు కూతురి గుణములను నేర్చిన అది దిగజాఱుట. ఈ యెక్కుదిగుడు మెట్లను కట్టినది ప్రకృతి కాదు, మనమే. కూతురికొఱకు నేను కూడబెట్టుకొన్న మార్దవము, ఓర్పు, సేవ మంచి గుణములైనచో, ముగ్గురు కొడుకులున్న నేను వానిని ఎవరికిని నేర్పక పెట్టెలో ఏల దాచవలెను?

దాచిన ఫలము అప్పటికే అనుభవించియుంటిని. మా పెద్దవాడు తొమ్మిదేండ్లవాడై యున్నపుడు, వాడు పెంచుకొన్న కుక్కపిల్ల బండిక్రింద పడి చచ్చెను. వాడు వెక్కివెక్కి ఏడ్చుచుండగా నేను, "మగవాడివి, ఏడుస్తావురా?" అంటిని. వాడు వెంటనే కన్నులు తుడుచుకొనెను. నేను సంతోషించితిని. ఆ పిమ్మట ఏడాదికి పైగా వాడు తన కష్టమొక్కటియు నాకు చెప్పలేదు. బడిలో తోటివారు వానిని బాధించిన సంగతి నాకు పరులవలన తెలిసినది. నా మనస్సున ఊహించుకొన్న కూతురు, ఎందుకట్లున్నావని నన్ను అడుగుచుండెను. నా యెదుటనున్న కొడుకును ఎందుకట్లున్నావని నేను అడుగలేదు.

ఆ దినమునుండి మా యింటి పద్ధతిని మార్చుకొంటిమి. గొప్ప సంస్కరణ మేమియు కాదు. చీపురు, చెంబు, ముగ్గుపిండి, వంటగరిటె అందఱి చేతికిని వచ్చినవి. నా చేతికి కూడ. ఇరుగుపొరుగువారు నవ్విరి. "ఆడదిక్కు లేని యిల్లు పాపము" అని ఒకరు జాలిపడిరి. కాని మాకు అందులో దొరకిన సంతోషములు మేము ఎదురుచూచినవి కావు.

ధనుర్మాసమున పెద్దవాడు తల్లివద్ద చుక్కలముగ్గు నేర్చుకొనెను. నడుమ 15 చుక్కలు పెట్టి, సందుచుక్కలుగా తగ్గించుకొనుచు ఇరువైపుల 8 వఱకు వచ్చు ముగ్గది. ఒకనాడు తెల్లవాఱుజామున వాడు పిండిచేతులతోనే పరుగెత్తుకొని వచ్చి, "మొత్తం 169 చుక్కలు నాన్నా! పదమూడు పదమూళ్లు!" అనెను. నేను కూడి చూచుకొంటిని, సరిపోయినది. ఇరువది యేండ్లుగా లెక్కలు చెప్పుచున్నాను. నలువది యేండ్లుగా ఆ ముగ్గును దాటుచున్నాను. మా అమ్మ, నా భార్య పెట్టిన ముగ్గులలో లెక్క యున్నదని నేను ఒక్కనాడును వంగి చూడలేదు. వానికి తన కష్టము నాకు చెప్పు అలవాటు మరల వచ్చినది ఆ ముగ్గు దగ్గఱనే.

నా భార్య మెట్లపై జాఱిపడి కుడిచేతి మణికట్టు విఱిగినపుడు, ఆఱువారములు ఆమెకు తల దువ్వినవాడు రెండవవాడు. మొదటినాటి జడ పలుపుత్రాడువలె నుండెను. వారము గడచునప్పటికి మూడుపాయలు నున్నగా అమరెను. ఒకనాడు వాడు పెరటిలోని నందివర్ధనములను కోసి తెచ్చి ఆ జడలో తుఱిమెను. ఎవ్వరును చెప్పలేదు. నేను కాగితముమీద మొదటి పంక్తిగా వ్రాసికొన్నది ఇదియే గదా! దానిని చేయుటకు కూతురే రానక్కఱలేదు. మధ్యవానిని ఎవరును పట్టుకొనలేదా యని యడిగినవాడు, తానే తల్లిని పట్టుకొనెను.

ముగ్గురును కలహింపకుందురని కాదు. ఒకే గరిటెకొఱకు కొట్టుకొందురు. చారులో ఇద్దఱు వేర్వేఱుగా ఉప్పు వేసిన దినములు కలవు. మగపిల్లల యల్లరి యింటిని పందిరి గుంజలతోసహా ఊపును. కాని ఆ యల్లరి నడుమ ఒకడు మఱియొకనికి మోకాటి దెబ్బకు పసుపు అద్దుచుండగా చూచిన తండ్రికి కొఱత యేమి?

ఇప్పుడు బంధువులు మఱియొక విధముగా ఓదార్చుచున్నారు: "దిగులెందుకు? రేపు ముగ్గురు కోడళ్లు వస్తారు, వాళ్లే నీ కూతుళ్లు." ప్రేమతో చెప్పు మాటయే. కాని నా పాత కాగితమును ఆ రాబోవు బాలికల చేతికి నేను అందింపబోను. వారు అప్పటికే వేఱొక యింటి కూతుండ్రు. తమకు తామొక కోరిక గలవారు. మా యింటి ముగ్గు, వంట, ముసలివారి మంచినీళ్లు వారి రాకకై వేచియుండరాదు. ఆ పనులు వచ్చిన కొడుకులను వారికి అప్పగించుటయే మేము చేయదగిన మర్యాద. నువ్వులన్నము తిన్న ప్రాచీన దంపతులు కోరినది పండితురాలిని. అట్టివాని ప్రక్క నిలువదగిన పురుషుని పెంచుట, కొడుకులు గల యింటి పని.

మొన్నటి సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టుటకు మా అమ్మ పెట్టె తెఱవగా, బొమ్మలతోపాటు ఆ పరికిణీ పైకి వచ్చెను. మా చిన్నవాడు దానిని విప్పి చూచి, "ఇది ఎవరిది నాయనమ్మా?" అనెను. నేను, నా భార్య ఒకరి ముఖ మొకరము చూచుకొంటిమి. మా అమ్మ దాపఱికము లేని మనిషి. "మీ అమ్మకి మూడో కాన్పప్పుడు, పుట్టబోయే పిల్లకని కుట్టానురా" అనెను.

వాడు కొంచెము ఆలోచించెను. "మూడో కాన్పంటే నేనే కదా? అయితే ఇది నాకోసం కుట్టిందే!" అని, కొలువు పైమెట్టుమీద దానిని పఱచి, అంచు జరీ ముందుకు వ్రేలాడునట్లు సర్ది, దానిమీద తన బొమ్మలను పెట్టుకొనెను.